దొడ్డిలో పరిచిన ప్లాస్టిక్ గడ్డి

నాకు సంతకం వరకే వచ్చు. అందుకే నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాసుకుంటున్నారు. ఇది నేను పడిన కష్టం గురించి కాదు. నేను చేసిన పని గురించి.

గుంతకల్లు బయట రోడ్డు పక్కన ఒక టర్ఫు ఉంది. చుట్టూ వల, కింద ప్లాస్టిక్ గడ్డి. రైల్వే వాళ్ల పిల్లలు, కాలేజీ పిల్లలు గంటల లెక్కన అద్దెకు తీసుకుని క్రికెట్ ఆడుకుంటారు. మా ఆయన పోయిన తరువాత అక్కడ ఊడ్చే పనికి కుదిరాను. ఎండాకాలం ఆ గడ్డి మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే. సాయంత్రం ఆటకు ముందు ట్యాంకరు నీళ్లు తెప్పిస్తే నేను పైపు పట్టుకుని తడిపేదాన్ని. మా వీధి కుళాయికి వారానికి ఒక్కసారి నీళ్లు. మొలవని గడ్డికి నీళ్లు పోస్తూ, మా వీధివాళ్లు ఎవరైనా చూస్తారేమోనని తల దించుకునేదాన్ని. కాలికి మెత్తగా ఉండాలని ఆ గడ్డి సందుల్లో నల్ల రబ్బరు పలుకులు పోస్తారు. అవి చీర కుచ్చిళ్లలో ఇంటికొచ్చేవి, సంగటి తింటుంటే పంటి కింద పడేవి.

కొన్నేళ్లకే ఆ గడ్డి అరిగి, చీలికలై లేచింది. కొత్తది వేశారు. పాతదాన్ని కొనేవాడు లేడు, చెత్త బండివాళ్లూ ఎత్తుకోలేదు. గోడ వెనక కుప్ప వేసి, కావలసినవాళ్లు పట్టుకుపొమ్మన్నాడు మేనేజరు. నాలుగు ముక్కలు ఆటోలో వేయించుకున్నాను. ఆటో కదిలేటప్పుడు ఆయన వెనక నుంచి చెప్పాడు. "పశువుల నోటికి మాత్రం అందనియ్యొద్దమ్మా. పోగులు ఊడిపోతాండాయి." సరేనన్నాను. చెవిన పడలేదని ఇప్పుడు చెప్పుకోవడానికి లేదు. విన్నాను.

మా పక్కింటామెకు పాతిక గొర్రెలు. నాకంటే చిన్నది, అక్కా అంటుంది. మా ఆయన పోయి నేను గడప దాటని రోజులన్నీ సంగటి ముద్ద, పులుసు తెచ్చి పెట్టింది ఆమే. తిరిగి ఆమెకు పెట్టడానికి నా దగ్గర ఎన్నడూ ఏమీ లేదు.

ఆ ఏడు తొలి వానకు ఆమె గొర్రెపిల్లల దొడ్డి బురదైంది. తల్లులు మేతకు పోతే, నెల నిండని పిల్లలు పగలంతా ఆ దొడ్డిలోనే ఉంటాయి. మేయడం అలవాటు కావాలని వేప మండలు, తుమ్మ కొమ్మలు కట్టి వాటి మూతికి అందేలా వేలాడదీస్తారు. పచ్చగా ఉన్నదాన్ని కొరకడం అవి అలా నేర్చుకుంటాయి. ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఇది తెలియనిది కాదు.

పెద్ద ముక్కలు రెండు మోసుకుపోయాను.

"ఏందక్కా, మా గొర్రెలకు క్రికెట్టు నేర్పిస్తావా?" అని నవ్వింది.

పిల్లలు తడవకుండా పడుకుంటాయి, పరచమన్నాను. మేనేజరు మాట నాలుక దాకా వచ్చింది. చెబితే వద్దంటుంది. ఎన్నాళ్లకో నా చేతి నుంచి ఆమె చేతికి ఒక వస్తువు పోతోంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి మనసు రాలేదు. పచ్చ వైపు పైకి పెట్టి నేనే పరిచాను. అక్క ఇచ్చిందని ఆమె వీధిలో కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంది. ఆ మాట వింటుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

పది రోజులకు రెండు పిల్లలు పాలు తాగడం మానేశాయి. పొట్టలు ఉబ్బాయి. ఆమె వాము నీళ్లు పట్టించింది. ఒకటి పొద్దున పోయింది, ఇంకొకటి మధ్యాహ్నానికి. పశువుల డాక్టరు వచ్చి ఒకదాని పొట్ట కోశాడు. లోపల కొబ్బరి పీచు చుట్టినట్టు పచ్చ పోగుల ఉండ. దానికి నల్ల పలుకులు అంటుకుని ఉన్నాయి.

"ఇది పరిస్తే గొర్రెలు తింటాయని ఎవరూ చెప్పలేదా మీకు?" అని అడిగాడు.

నేను ఆమె పక్కనే ఉన్నాను.

"ఎవురికి తెలుస్తాది సార్," అంది ఆమె. "అక్క పాపం మంచికే ఇచ్చింది. నా కండ్లే మూసుకుపోయినాయి."

నేను నేల చూశాను. సాయంత్రం పోయిన పిల్లల తల్లులు రెండూ తిరిగొచ్చి, పాలు కట్టుకుపోయిన పొదుగులతో దొడ్డి చుట్టూ అరుస్తుంటే ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాను.

మరునాడు ముక్కలు వెనక్కి తెచ్చుకున్నాను. ఒకటి కాల్చబోతే నల్లటి పొగ లేచి వీధంతా తిట్టారు. కరిగినంత కరిగి బండకు అంటుకుపోయింది. మిగతావి ఇంటి వెనక రాళ్ల కింద ఉన్నాయి. ఎండవు, కుళ్లవు. ఆమె గొర్రెలు అటు వచ్చే వేళకు కట్టె పట్టుకుని అడ్డం నిలబడేదాన్ని. ఒక రోజు ఆమె, "మా గొర్రెలంటే నీకు నాకంటే ప్రేమక్కా," అంది. ఆ మాటకు తట్టుకోలేకపోయాను.

"పశువులకు అందనియ్యొద్దని టర్ఫు మేనేజరు నాకు ముందే చెప్పినాడు. నీకు నేను చెప్పలేదు," అన్నాను.

ఆమె నడక ఆపింది. గొర్రెలు ముందుకు పోయాయి.

"పిల్లలు పోయినందుకు కాదక్కా. డాక్టరు అడిగినప్పుడు నా పక్కనే ఉంటివి కదా."

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మరునాటి నుంచి ఆమె గొర్రెలు మా ఇంటి ముందుకు రావు. వీధి వెనక కంపచెట్ల దారిన చుట్టు తిప్పి తోలుకుపోతుంది. సాయంత్రం మా ఇంటి గోడ అవతల వాటి మెడ గంటలు వినిపిస్తాయి. అలవాటు కొద్దీ కట్టె పట్టుకుని బయటికొచ్చి, అవి దూరం పోయేదాకా నిలబడతాను.