కింద గది వాసన, అమ్మ ఆవకాయ

బందరులో మా ఇంటికి నేలమాళిగ ఉందంటే వినేవాళ్ళు నిధులూ నాగుపాములూ ఊహించుకుంటారు. అందులో ఉన్నవి వంటచెరకు, విరిగిన ఉయ్యాల బల్ల, అమ్మ ఆవకాయ జాడీలు. మూడడుగులు తవ్వితే నీళ్ళు పడే ఊళ్ళో మాళిగ ఎలా కట్టారంటే, తవ్వలేదు. పాతకాలపు వర్తకుడెవరో తుపానుకు భయపడి ఇంటిని బాగా ఎత్తున కట్టి, కింద మిగిలిన ఖాళీకి తలుపు పెట్టించాడు. ఆరు మెట్లు దిగి, తల వంచుకుని వెళ్ళాలి. వినయం అలవాటు కావడానికి మంచి గది. నాకు కాలేదు.

నేను కాలేజీలో చేరిన ఏడాది, శ్రావణం వానల్లో, ఆ గదిలోంచి వాసన మొదలైంది. పులిసినట్టు, కాస్త ఘాటుగా, వంటింటి దాకా వచ్చేది. సరిగ్గా అప్పుడే గుడివాడ నుంచి మా అత్తయ్య దిగింది. నాన్నకు అక్కగారు. ఏటా శ్రావణంలో రెండు ఖాళీ జాడీలతో వచ్చి, నిండు జాడీలతో వెళ్ళడం ఆవిడ ఆనవాయితీ. జాడీలు కింద పెట్టవద్దు, చెమ్మ తగులుతుందని వేసవిలోనే ఉత్తరం రాసి హెచ్చరించింది. అమ్మ వినలేదు.

గడప దాటుతూనే అత్తయ్య ముక్కు ఎగబీల్చింది.

"ఏమే అమ్మాయ్, ఆవకాయ బూజు పట్టిందా?"

"లేదు వదినగారూ."

"తీసి చూశావా?"

అమ్మ చూడలేదు. పెళ్ళయిన దగ్గర నుంచి అమ్మ చేతి జాడీ ఒక్కటి కూడా పాడవలేదు. అందుకే వాసన మొదలయ్యాక ఆవిడ కింద గదికి దిగడమే మానేసి, పైన చిన్న జాడీలో ఉన్నదాన్నే పొదుపుగా వడ్డిస్తోంది.

"పోనీలే, దానికేముంది," అంది అత్తయ్య. "వచ్చే వేసవి నుంచి గుడివాడలో నేనే పెడతాను. నీకు రెండు జాడీలు పంపిస్తాలే."

మాటలో అంతా ఆదరణే. అమ్మ ముఖం మాత్రం బదిలీ ఉత్తర్వు అందుకున్న కలెక్టరు ముఖంలా అయిపోయింది.

అత్తయ్య తిరుగు ప్రయాణం శుక్రవారం. ఈలోగా వాసన సంగతి తేల్చాలని నాన్న నడుం కట్టారు. మంచినీళ్ళు కూడా తనంతట తాను తెచ్చుకోని మనిషి లాంతరు పట్టుకుని మెట్లు దిగడం చూసి నేను నిజంగా చలించిపోయాను.

"చచ్చిన ఎలుకరా. ఉయ్యాల బల్ల వైపు నువ్వు చూడు. కట్టెల వైపు నేను చూస్తాను."

ఎలుక దొరకలేదు. ఎప్పుడో పోయిన నా కార్కు బంతి దొరికింది. పరిశోధన వల్ల ప్రయోజనం లేదనకూడదు.

మర్నాడు నాన్న స్నానాలగది తూమును అనుమానించి సీసాడు ఫినాయిలు పోశారు. దాంతో ఇంట్లో వాసనలు రెండయ్యాయి. ఆ మర్నాడు పాత గోనెసంచులు చెమ్మకు కుళ్ళాయని అరుగు మీద ఆరేశారు. వాన వచ్చింది. మూడయ్యాయి.

"జాడీ తీసి చూస్తే తేలిపోతుంది కదమ్మా?" అన్నాను.

"మంగళవారం తియ్యకూడదు."

బుధవారం తియ్యకూడదట. గురువారం అసలే కూడదట. ఆ వారంలో మా అమ్మ జాడీకి పనికొచ్చే రోజు ఒక్కటీ లేకపోయింది.

శుక్రవారం పొద్దున్న అత్తయ్య తీర్పు చెప్పింది. "ఇరుగుపొరుగుకి తెలియకముందే ఆ జాడీలు పైకి తెప్పించి, పెరట్లో గొయ్యి తీసి పోయించెయ్యి."

"సరే వదినగారూ," అంది అమ్మ.

ఆ 'సరే'కి నాకు ఒక్క వేళాకోళం కూడా తట్టలేదు.

అప్పుడే వాకిట్లో సైకిలు బెల్లు మోగింది. పెడనలో అద్దకం పని చేసే మావయ్య. చుట్టం కాదు, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. లోపలికి అడుగుపెడుతూనే గట్టిగా గాలి పీల్చి, ముఖమంతా వెలిగిపోతూ అన్నాడు: "ఆహా! పండింది బావా! ఏం వాసన, ఏం వాసన!"

నాన్న గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదవసాగారు.

మావయ్య గబగబా కిందికి దిగి, కట్టెల వెనక నుంచి ఒక కుండ ఎత్తుకొచ్చాడు. తుప్పు పట్టిన మేకులు, గుర్రపు నాడాలు, దివిసీమ తాటిబెల్లం, నీళ్ళు. అన్నీ కలిసి పులిసి నురగ కట్టాయి. గుడ్డ మీద నల్లరంగు దీంతోనే వస్తుందట.

"మా పాక వానకి కారుతోంది చెల్లెమ్మా. నీళ్ళు పడితే కుండ పాడవుతుందని బావ ఇక్కడ పెట్టించాడు. నీకు చెప్పలేదూ?"

"చెబుదామనే అనుకున్నాను," అన్నారు నాన్న, క్యాలెండరుతో. "ఆవకాయ పక్కన తుప్పు కుండంటే ఒప్పుకోదని..."

"అందుకని నా ఆవకాయ పోయిందనుకోనిచ్చారు!" అంది అమ్మ.

ఇంకేమీ అనకుండా గరిటె తీసుకుని ఆరు మెట్లూ దిగింది. శుక్రవారం సంగతి ఎవరూ ఎత్తలేదు. గిన్నె నిండా తెచ్చి అత్తయ్య ముందు పెట్టింది. ముక్క గట్టిగా ఉంది, పైన నూనె ఎర్రగా తేలుతోంది. అత్తయ్య వేలితో నాకి, వేడన్నం పెట్టించుకుంది. మూడో ముద్దకు, "ఉప్పు రవ్వంత ఎక్కువైంది," అంది. ఆవిడ చేతుల మీదుగా అంతకన్నా పెద్ద సన్మానం పొందినవారు మా వంశంలో లేరు. రెండు జాడీలూ మెడ దాకా నింపించుకుని, మధ్యాహ్నం బండి తప్పిపోతే సాయంత్రం బండికి వెళ్ళింది. గుడివాడలో ఆవకాయ పెట్టే మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు మావయ్య ఆ నలుపుతో అద్దిన దుప్పటి ఒకటి అమ్మకు తెచ్చి ఇచ్చాడు. తెల్లటి గుడ్డ మీద నల్లటి తీగలు, చిలకలు. అమ్మ ముచ్చటగా చూసి, కత్తెర తెచ్చి నాలుగు ముక్కలు చేసి, జాడీల మూతులకు వాసెన కట్టింది.

"అయ్యో చెల్లెమ్మా, అది దుప్పటి!"

"ఇలా అయితే అందరికీ గుర్తుంటుంది అన్నయ్యా," అంది అమ్మ, నాన్న వైపు చూస్తూ.

నాన్నకు గుర్తుంది. ఇప్పటికీ ఆయన కింద గదికి వెళ్తూ, చేతిలో ఏముందో పై మెట్టు మీద నిలబడి గట్టిగా చెప్పి మరీ దిగుతారు.