కోత మాస్టారు కిందకు చూసిన రోజు

మా ఫ్లయింగ్ క్లబ్బులో ఆయన్ని అందరూ కోత మాస్టారనేవాళ్లు. ముఖం మీద కాదు లెండి, హ్యాంగర్ వెనక. మేఘాల్లో గానీ, బయట కనబడకుండా కళ్లకు హుడ్ తగిలించుకుని గానీ, మీటర్లనే నమ్ముకుని నడిపిన సమయాన్నే లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రుమెంట్ టైమ్‌గా రాసుకోవాలి. మేం గంట రాసుకొస్తే ఆయన నిలదీసేవారు.

"మేఘంలో ఎంతసేపున్నావమ్మా?"

"అంతా మేఘాలే మాస్టారూ!"

"మేఘాలు కిందున్నాయి. నువ్వు పైన ఎండలో షికారు చేశావు. అది లెక్కలోకి రాదు తల్లీ."

సగం ఎగిరిపోయేది. అధికారులే అడగరు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని గొణుక్కునేవాళ్లం. ఇప్పుడు ఆ పెట్రోలు వాసన, రేకుల కప్పు వేడి, ఆయన ఫ్లాస్కులో చల్లారిపోయిన టీ తలుచుకుంటే ఎంత బెంగగా ఉంటుందో! ఆ కోతలే నాకు చదువు.

నేను పైలట్‌నయ్యాక ఓ ఏడాది ఆయన గడువే ముంచుకొచ్చింది. చాలినంత సమయం హుడ్ కింద ఎగరకపోతే ఇన్‌స్ట్రుమెంట్ పాఠాలు చెప్పే అర్హత పోతుంది. మళ్లీ పరీక్షకు వెళ్లాలి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి మీద క్లబ్బు ఆ ఖర్చు పెట్టదని ఆయనకూ తెలుసు. ఆఖరి రోజున నన్ను పక్క సీట్లో కూర్చోమన్నారు. హుడ్ పెట్టుకున్నవాళ్ల బదులు బయట చూడటానికి ఇంకో పైలట్ ఉండాలి.

ఎంత నున్నగా నడిపారో! సూదులు కదిలితే ఒట్టు. ఊరి మీదుగా దిగుతుండగా మాత్రం ఆయన గడ్డం పైకి లేచింది, తల కిటికీవైపు తిరిగింది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

కిందికి దిగాక ఆయనే లాగ్‌బుక్ తీసి, ఆ చివరి భాగం కొట్టేశారు. దాంతో గడువుకి కావలసిన సమయంలో ఆ కాస్తా తక్కువైంది.

"అయ్యో, ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?"

"బయటికి చూశానమ్మా. అది లెక్కలోకి రాదు."

ఆయన ఇంకెవరికీ ఇన్‌స్ట్రుమెంట్ పాఠం చెప్పలేదు. ఆ రోజు నాకు కోపమూ, ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అంత కొంపలు మునిగేది ఏముందని చూశారు?"

"మా ఇల్లు. ఇన్నేళ్లూ దాని మీదుగానే దిగాను. ఎప్పుడూ మీ చేతులూ, మీటర్లే చూసుకున్నాను. మళ్లీ ఇలా దిగుతానో లేదోనని చూడబుద్ధయింది. మా ఆవిడ మేడ మీద బట్టలు ఆరేస్తోంది."

లాగ్‌బుక్ మూసి మళ్లీ అన్నారు:

"విమానాన్ని చూసి చెయ్యి ఊపింది తల్లీ. ఇన్నేళ్లూ ఊపుతూనే ఉందేమో, నాకేం తెలుసు?"