మచ్చలేని పచ్చ

రత్నాలు సానబట్టే సానాయన కూతురికి ఆ పేరెలా వచ్చిందో వీధిలో అందరికీ తెలుసు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆయనే చెప్పాడు. పిల్ల పుట్టిన రోజున తన సాన మీద ఉన్నది వెంట్రుకవాసి మచ్చ కూడా లేని పచ్చ అనీ, అలాంటి రాయి మళ్లీ చేతికి తగల్లేదనీ, అందుకే పిల్లకి మరకతం అని పెట్టాననీ. చెప్పగా చెప్పగా ఆ కథకి రాయికంటే ఎక్కువ మెరుగొచ్చింది.

అందులో నిజం ఒక్కటే. ఆ రోజు సాన మీద ఉన్నది పచ్చే.

బడిలో పిల్లలు "మరకా, సబ్బు తెచ్చుకోలేదా?" అని ఏడిపించేవాళ్లు. ఏడుస్తూ ఇంటికొస్తే తండ్రి కథ చెప్పి పంపేవాడు. మర్నాడు అది వెళ్లి "మీ పేరు ఎందుకు పెట్టారో మీ నాన్నకైనా తెలుసా?" అని ఎదురు తిరిగేది. అన్నంతోపాటు ఆ కథ కూడా తిని పెరిగింది.

ఇప్పుడు దానికి ఇరవై ఆరేళ్లు. వాళ్ల ఆఫీసు పత్రికలో 'నా పేరు కథ' అని ఒక పేజీ మొదలుపెట్టారు. సాయంత్రం ఐదుకల్లా రాసి పంపాలి. మధ్యాహ్నమే తండ్రి పనిగదికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాన్నా, చక్రం ఆపు. చదువుతా, విను."

"వినేది చెవులతో కదే, చక్రం నిన్నేం చేసింది?" అన్నాడు గానీ ఆపాడు.

ఫోన్‌లో చూసి చదివింది. మరకతం సంస్కృతం మాటట. గ్రీకులు పచ్చని పిలిచే మాటకీ దీనికీ చుట్టరికం ఉందట.

"బాగుందే. నీకంటే నీ పేరే ఎక్కువ ఊళ్లు తిరిగింది."

"ఉండు, అసలుది ఇప్పుడొస్తుంది. 'పక్క బల్ల మీద పనిచేసే బాబాయ్ చూపు మందగించి రాయి పగలగొట్టుకున్న రోజుల్లోనే, మా నాన్న మచ్చలేని పచ్చని...'"

"వాడి ఊసెందుకు అందులో?"

"పోలికకి బాగుంటుందని. పేరు పెట్టలేదులే. ఏం, అబద్ధమా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సానాయన చేతులు ఒళ్లో దాచుకున్నాడు. బాబాయ్ అంటే, అందరూ కళ్లజోడు అని పిలిచే మనిషి. సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకునేవాడు కాబట్టి ఆ పేరు. అప్పట్లో ఒకే యజమాని దగ్గర ఇద్దరివీ జంట బల్లలు. సానాయన రాయిని అరగదీసి ముఖాలు తీస్తే, కళ్లజోడు మెరుగు పెట్టేవాడు.

ఆ రోజు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, భార్యకి నొప్పులు మొదలయ్యాయని. త్వరగా ముగించి పోదామని సానాయన రాయి అంటించిన లక్కపుల్లని చక్రానికేసి గట్టిగా నొక్కాడు. టిక్కుమంది. రాయిలో అడ్డంగా సన్నని పగులు. పచ్చలో పగులు నూనె పడితే కంటికి కనపడదని ఆ పని తెలిసిన ప్రతివాడికీ తెలుసు. ఆయన రాయిని గోరువెచ్చని నూనెలో ముంచి, తుడిచి, పక్క బల్ల మీద పెట్టి ఆసుపత్రికి పరిగెత్తాడు. మెరుగయ్యాక రాయిని స్పిరిట్‌తో కడిగితే నూనె పోయి పగులు బయటపడింది. "కళ్లు కనపడనివాడి చేతికి రాయిస్తే ఇంతే" అని యజమాని కళ్లజోడుని పంపేశాడు. మర్నాడు సానాయన వచ్చేసరికి పక్క బల్ల ఖాళీ. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. వారం తర్వాత కూతురికి ఏ పేరు పెడదామని భార్య అడిగితే, మింగలేక కక్కలేక ఉన్న మాటే బయటికొచ్చింది: మరకతం.

ఇదంతా తల ఎత్తకుండా చెప్పాడు.

కూతురు ఫోన్‌లో తను రాసిన మాట మీద వేలు పెట్టింది. "మచ్చలేని పచ్చ?"

"మచ్చలేని పచ్చ నేనెప్పుడూ చూళ్లేదే."

"నన్నడిగిన ప్రతివాడికీ చెప్పాను నాన్నా, ఆ కథ. బాబాయ్ ముందు కూడా చెప్పాను, సిగ్గు లేకుండా." బాబాయ్ నంబరు నొక్కి ఫోన్ ఆయన చేతిలో కుక్కింది. "ఇప్పుడు నువ్వు చెప్పు."

కళ్లజోడు ఇప్పుడు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. "ఎవరూ? పలకవేం, నాకు పోయింది కళ్లే, చెవులు కాదు" అని నవ్వాడు.

"నేనురా. ఆ పచ్చ..." సానాయన చక్రం అంచు పట్టుకున్నాడు. "ఆ పచ్చ పగిలింది నా చేతిలో. నూనె పట్టించి నీ బల్ల మీద పెట్టింది నేనే."

అవతల అద్దం అరిగే చప్పుడు ఆగిపోయింది.

"ఒరేయ్" అన్నాడు కళ్లజోడు. "యజమాని పొమ్మన్నందుకు కాదురా నేను రాళ్లు వదిలేసింది. అంత పగులు నా కంటికి ఆనలేదే అని. ఇంకో చోట పిలిచారు, వెళ్లలేదు. మెరుగు పెట్టే ముందు ఆ రాయిని నాలుగుసార్లు తిప్పి చూశాను. కళ్లు పోయాయనుకున్నాను."

"తప్పయిపోయిందిరా."

"ఆ మాట ఇప్పుడు నేనేం చేసుకోను?" కోపంగా కూడా లేదు ఆ గొంతు. "పక్కన పిల్ల ఉందా? ఇవ్వు."

కూతురు అందుకుంది. అవతలి మాటలు సానాయనకి వినపడలేదు. "అలాగే బాబాయ్... మీ అసలు పేరుతోనే రాస్తా... లేదు, దాచను" అనడం మాత్రం వినపడింది. ఫోన్ పెట్టేసి, రాసిందంతా చెరిపేసింది. గోడ గడియారంలో మూడున్నర.

"మొదటినుంచి చెప్పు" అంది, మొహం చూడకుండా. "ఆ రోజు ఎవరెటు కూర్చున్నారు?"

"మీ నాన్న పరువు నలుగురిలో..." అని మొదలుపెట్టి ఆయనే ఆపుకున్నాడు.

"ఎవరెటు కూర్చున్నారు?"

"వెలుతురు వైపు నేను" అన్నాడు సానాయన. "వాడు గోడవైపు."

ఆమె రాసుకుంది.