రోజుకొక ఎత్తు

మా అత్త గంగక్క అరవై ఏండ్ల వయసులో వేపచెట్టెక్కి, మేకలకు కొమ్మలు కొడుతూ కింద పడింది. పంతొమ్మిది వందల ఎనభై నాలుగో సంవత్సరం, శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు. "దోటి ఉండాది గదత్తా, చెట్టెందుకెక్కినావు?" అని అడిగితే, "దోటికి అందే ఆకంతా ఊరోళ్ళ మేకలు తినేసినాయి మే" అంది. విరిగింది కుడికాలు. బెంగపడింది మాత్రం మేకల కోసం.

కట్టు కట్టే పెద్దాయన వెదురుబద్దలు పెట్టి బిగించాడు. ఆమెకు చెప్పి లాభం లేదని ఆయనకూ అర్థమైనట్టుంది, నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"మూణ్ణెల్లు కాలు కింద పెట్టగూడదమ్మా. పెట్టిందంటే ఎముక వంకరగా అతుక్కుంటాది. ఇంగ మేకల ఎనక నడిచేది మర్చిపోవాల్సిందే."

మేకల వెనక నడవకపోతే మా అత్త ఇంకేం చేస్తుంది? ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె చేసిన పని అదొక్కటే. అట్లాంటి మనిషిని మూణ్ణెల్లు కూర్చోబెట్టడమంటే కప్పలను తక్కెడలో పెట్టి తూచడమే. ఆమె కొడుకు తిమ్మన్న, అంటే నా మొగుడు, తెల్లారగానే కరువు పనికి పోయి పొద్దుగూకి వచ్చేవాడు. కాపలా నాది. నేను నీళ్ళకు పోయి వచ్చేలోగా ఆమె గోడ పట్టుకుని లేచేది. రెండుసార్లు పట్టుకున్నాను. మూడోసారి బిందె దించకుండానే తిట్టాను. అత్తను తిట్టడం నాకు అదే మొదలు. ఉన్నమాట చెప్పడానికేం, హాయిగానే ఉండింది.

మా మేకలను అప్పుడు ఈరప్ప తోలుకుపోయేవాడు, తన మేకలతో పాటు. మా అత్తా ఆయనా ఇరవై ఏండ్లుగా ఒకే గుట్ట మీద మేపుకునేవాళ్ళు. రక్తసంబంధం లేదు గాని అక్కా తమ్ముడి వరస, అందుకని నాకు చిన్నాయన అయ్యాడు. మహా మొగమాటస్తుడు. పని ఉంటే తప్ప ఒకరి గడప తొక్కడు. అక్కకు కాలు విరిగిందని తెలిసి కూడా వాకిలి బయటే నిలబడి, "ఎట్లుండావక్కా?" అని అడిగి, జవాబు వచ్చేలోపల మేకలను అదిలించుకుంటూ పోయేవాడు. లోపల ఆమె, "రెండు మాటలు చెప్పిపోతే వీని సొమ్మేం పోతాది?" అని గొణుక్కునేది.

గుట్ట మీది బండపై వాళ్ళిద్దరూ పులిమేక ఆట ఆడతారని నాకు తెలుసు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి అవతలి ఖాళీలో పడితే మేక పోయినట్టు. మేకలన్నీ చేరి పులులను కదలకుండా కట్టేస్తే పులి ఓడినట్టు. మా ఊరి కట్టుబాటులో ఆరు మేకలు పోతే ఆట పోయినట్టే. అత్త ఎప్పుడూ మేకల వైపే ఆడేది. ఈరప్ప పులి. మనిషి ఎంత మెత్తనో ఆటలో అంత కటికవాడు. పసిపిల్లలతో ఆడినా ఓడించి ఏడిపించి పంపేవాడు.

ఒక రోజు అత్త మంచం పక్కన నేలబండ మీద బొగ్గుతో ఆ గీతలు గీసి, వాకిట్లో నిలబడిన ఆయన్ను పిలిచాను.

"చిన్నాయనా, రోజుకొక ఎత్తు వేసిపో. నీకు పుణ్యముంటాది."

పని దొరికింది కదా, గడప దాటాడు. సాయంత్రం వచ్చి తన ఎత్తు వేసేవాడు. తెల్లారేలోగా అత్త తన ఎత్తు వేసి ఉంచేది. పొద్దున పోతూ దాన్ని చూసుకుని, పగలంతా గుట్ట మీద ఆలోచించుకుని, మళ్ళీ సాయంత్రం వచ్చేవాడు. ఇక్కడ అత్త, వాడు ఏ పులిని కదిలిస్తాడోనని పగలంతా గులకరాళ్ళ మీదకు వంగి కూర్చునేది. పదిహేను రాళ్ళకూ మా మేకల పేర్లు పెట్టింది. నల్లకొమ్మి, బుడ్డి, చెవులపోతు. నుదుట తెల్లమచ్చ ఉన్న మేక ఆమెకు ప్రాణం, దాని పేరు చుక్క. తల్లి చచ్చిపోతే ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టి పెంచింది. రాళ్ళలో కూడా తెల్లమచ్చ ఉన్నదాన్ని ఏరి చుక్క అంది.

గోడ పట్టుకుని లేవడం మానేసింది. నేను నిమ్మళంగా నీళ్ళకు పోయి వస్తున్నాను. బొగ్గుగీతలకు దండం పెట్టాలనిపించింది.

ఉగాది దాటింది. ఐదు మేకలు పోయాయి. ఆరోది పోతే ఆట ముగిసినట్టే. ఆ రాత్రి అత్త నిద్రమత్తులో రాయి కదిపి, చుక్కను పులి ముందర పెట్టేసింది. అవతలి చోటు ఖాళీ. పొద్దున చూసుకుని నాలుక కరుచుకుంది గాని వేసిన ఎత్తు వెనక్కి తీయకూడదు. ఈరప్ప వచ్చి చూశాడు. మేకలను తోలుకుని పోయాడు.

సాయంత్రం వచ్చినప్పుడు ఆయన మొహంలో నెత్తురు లేదు. చుక్కను వదిలిపెట్టి, ఆ మూలనున్న ఇంకో పులిని పనికిరాని చోటికి జరిపాడు.

"కండ్లు కనపడ్లేదా ఏమప్పా?" అంది అత్త నవ్వుతూ. "చుక్క నీ నోటికాడ ఉండాది గదా."

ఆయన తల ఎత్తలేదు. అత్త నవ్వు ఆగిపోయింది. ఈరప్ప చేతికొచ్చిన మేకను వదిలిపెట్టడం ఇరవై ఏండ్లలో ఆమె చూడలేదు.

"నా చుక్కకేమయింది?"

"నాము మేసిందక్కా" అంటూ గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

కోసిన జొన్న మోళ్ళకు మళ్ళీ పిలకలు వస్తాయి. నీళ్ళు లేక వాడిపోతే ఆ పిలకలే విషం, దాన్నే నాము అంటారు. మేసిన మేక ఒక పూట కూడా బతకదు. మేకలు కాసేవాడు దేన్ని మరిచినా నామును మరవడు.

"జొన్నచేలో పడేదాకా నువ్వేం చేస్తాంటివి?"

"బండ మీద కూర్చోని... ఆటను గురించి ఆలోచన చేస్తాంటి."

మా అత్త అంత మాట అనగలదని నేను అనుకోలేదు. "నీ ఆట మన్నైపోను! నా ఇంటి గడప తొక్కొద్దు పో!" అంది. ఆయన తుండుగుడ్డ కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

వేరే దిక్కు లేక మందను ఈరప్పే తోలుకుపోతున్నాడు. మర్నాటి నుంచి అత్త మళ్ళీ గోడ పట్టుకోవడం మొదలు. "వానికి ఇడిస్తే మంద మిగల్దు. నేనే పోతా" అంటుంది. నేను బతిమాలాను, అరిచాను, చివరికి వాకిలికి అడ్డంగా పడుకున్నాను. మూడో రోజు ఆ కాలు నేలకు ఆనించనే ఆనించింది. నొప్పికి కేక పెట్టి మంచం మీద పడింది. నాకు భయమూ కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొంగు నడుముకు దోపుకుని గుట్టకు పోయాను.

ఈరప్ప మేకల మధ్యలో నిలబడి ఉన్నాడు. బండ వైపు వీపు పెట్టి ఉన్నాడు.

"చుక్క రాయి నీ ఎదురుంగానే ఉంటే, పగలంతా ఏమాలోచన చేస్తివి చిన్నాయనా? దూకేదానికి ఆలోచన ఎందుకు?"

కర్రతో నేల గీస్తూ చెప్పాడు.

"దూకితే ఆట అయిపోతాది గదమ్మా. అయిపోతే ఇంగ ఏమని చెప్పి మీ ఇంటికొచ్చేది? అక్కకు అనుమానం రాకుండా ఏ ఎత్తు వెయ్యాల్నో తోచలేదు. ఆ ఆలోచనలో ఉంటి."

ఇంటికొచ్చి ఆ మాటలు పొల్లుపోకుండా చెప్పాను. అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట సంగటి ముట్టలేదు.

మర్నాడు పొద్దున వీధిలో మేకల గంటలు వినపడగానే గొంతెత్తింది.

"రేయ్ ఈరప్పా! మందను వాకిట్లోకి తోలుకోని రా!"

రెండు మందలూ మా వాకిట్లో పడ్డాయి. ఒకటి నా చీపురు నమిలింది, ఇంకొకటి ఎండబెట్టిన చింతపండు తొక్కింది. ఇంకో రోజైతే ఊరంతా వినపడేట్టు అరిచేదాన్ని. ఈరప్ప గడప అవతలే నిలబడ్డాడు.

"లోపలికి రా. ఆ దిక్కుమాలిన ఎత్తు ఎనక్కి తీసి, చుక్కను తియ్యి."

"నా చేత కాదక్కా."

"వేసిన ఎత్తు ఎనక్కి తీసే పాపం నాది. నువ్వు దూకు."

పులిని దూకించాడు. తెల్లమచ్చ రాయిని తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. అత్త చెయ్యి చాపి దాన్ని తీసుకుని గుప్పిట మూసింది. అప్పుడు ఏడ్చింది, చుక్క పోయినాక మొదటిసారి. ఆయనా ఏడ్చాడు. కట్టుకున్నవాడు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషని మా అత్తను గురించి చెబుతారు. ఆ పూట నాకు ఆమెను గట్టిగా పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాను కూడా.

కాసేపటికి ఈరప్ప కండ్లు తుడుచుకుని లేచాడు. "ఆట అయిపాయ. పోయొస్తా అక్కా."

"యాడికి? కూర్చో!" అంది అత్త. "ఆట ఉంటేనే రావాలని ఎవురు చెప్పినార్రా నీకు? ఇరవై ఏండ్లు ఒకే బండ మీద ముద్ద తిన్నోళ్ళం, నా ఇంటికొచ్చేదానికి నీకు సాకు కావాల్నా? మే రామాంజినీ, నీ చిన్నాయనకు సంగటి పెట్టు. నాకూ పెట్టు."

ఇద్దరికీ చెరొక ముద్ద పెట్టాను. తిన్నారు. ఆ తర్వాత మా అత్త తనంతట తానే రెండు చేతులతో కట్టు కట్టిన కాలును ఎత్తి, జాగ్రత్తగా మంచం మీద పెట్టుకుంది.