తోబుట్టువుల గడి

ఫారంలోని ప్రశ్న చిన్నదే. మరణించినవారితో సహా మీ తోబుట్టువులందరి పేర్లు, పుట్టిన తేదీలు రాయండి అని ఉంది. దాని కిందే హెచ్చరిక: తప్పు రాసినా, దాచినా దరఖాస్తు తిరస్కరిస్తాం, మూడేళ్లపాటు మళ్లీ దరఖాస్తు చేయనివ్వం.

కనకమామిడి ఊరి అంతమ్మ కూతురు వనిత పరాయి దేశంలో మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ, అక్కడే శాశ్వతంగా ఉండేందుకు అనుమతి కోరుతూ 2008లో ఆ ఫారం నింపింది. దరఖాస్తు ఇంకా తేలలేదు కనుక దేశం పేరు ఇక్కడ రాయడం లేదు. మిగతా పేజీలన్నీ ఒక్క ఆదివారంలో పూర్తయ్యాయి. ఈ గడి దగ్గర మాత్రం ఆమె నలభై రోజులు ఆగిపోయింది.

ఆమెకు ఒక అక్క ఉండేది. అక్క పేరు వనిత. అక్క పుట్టిన తేదీ, మొదటి పేజీలో ఆమె తన తేదీగా రాసినదే.

ఇందులో మోసగాళ్లెవరూ లేరు. 1976లో అంతమ్మకు చేవెళ్ల దవాఖానలో తొలి బిడ్డ పుట్టింది. వనిత అని పేరు పెట్టారు. దవాఖానలో పుట్టింది కనుక కాగితం వచ్చింది. పద్నాలుగో నెలలో వాంతులూ విరేచనాలూ పట్టుకుని, దవాఖానకు తీసుకెళ్లేందుకు మొయినాబాద్ బస్సు కోసం రోడ్డు పక్కన ఎదురుచూస్తుండగా, తల్లి ఒళ్లోనే ఆ పిల్ల పోయింది. చేను గెట్టున పాతిపెట్టారు. ఆ మరణం ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. రాయవలసినవాడు ఊరికి రాలేదు. రాయించాలని ఆ తల్లిదండ్రులకు చెప్పినవాడూ లేడు.

రెండేళ్ల తర్వాత ఇంట్లోనే ఇంకో ఆడపిల్ల పుట్టింది. బిడ్డలు పోయిన ఇళ్లలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్త బిడ్డను తమదని చెప్పుకునేవారు కాదు. పొరుగింటి ముత్తమ్మ పసికందును చేటలో పెట్టుకుని నిలబడితే, అంతమ్మ కొంగు పట్టి బిచ్చమడిగింది. ముత్తమ్మ బిడ్డను ఆ కొంగులో వేసింది. అట్లా ఆ పిల్ల భిక్షమ్మ అయింది. అడుక్కొచ్చిన పిల్ల కనుక మృత్యువు దాన్ని ఈ ఇంటి లెక్కలో వేసుకోదని నమ్మకం. అందుకే ఆ పేరు ఎక్కడా రాయించలేదు కూడా.

ఐదేళ్లు నిండాక బడిలో సారు కాగితం అడిగాడు. తండ్రి సాయిలు ఇంట్లో ఉన్న ఒకే ఒక కాగితం తీసుకెళ్లి ఇచ్చాడు. అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు. పోయిన పిల్లే అదే కడుపున తిరిగి వచ్చిందని అతని నమ్మకం. దాని కాగితం దానికే ఇచ్చాడు.

హాజరు పిలిచేటప్పుడు వనిత అనగానే ఆ పిల్ల మొదట వెనక బెంచీ వైపు చూసేది, ఇంకెవరైనా పలుకుతారేమోనని. ఎవరూ పలకకపోతే తానే లేచేది. ఇంట్లో ఆమె భిక్షమ్మే, ఆ పేరు ఎత్తితే అంతమ్మ ఊరుకునేది కాదు. పదో తరగతి మెమో, ఎంసీఏ పట్టా, పాస్‌పోర్టు, హైటెక్ సిటీ కంపెనీ బ్యాడ్జి, వీసా అన్నీ ఆ పేరుతోనే వచ్చాయి. పద్నాలుగు నెలల పిల్ల కాగితాల మీద ముప్ఫై రెండేళ్లదయింది. వెనక్కి చూసే అలవాటు మాత్రం ఈమెను విడవలేదు. పరాయి దేశపు బ్యాంకులో పేరు పిలిచినా వెనక్కి చూసిన తర్వాతే లేచేది.

సెలవు పెట్టి ఊరికి వచ్చి, మొయినాబాద్‌లో వీసా పనులు చూసే జైపాల్‌కు ఫారం చూపించింది.

"అక్కా, ఎవ్వరు లేరని కొట్టు. ఎవడు చూడొస్తడు?"

"నీకు అక్క లేదని నువ్వు కొడ్తవా?"

"మా అక్క దినాం ఫోన్ చేసి తిడ్తది, లేదని ఎట్ల కొడ్త?" నవ్వి, గొంతు తగ్గించాడు. "చిల్కూరు వీసా దేవుని గుడికి పోయి పదకొండు చుట్లు తిరిగిరా, ఫారం సంగతి నాకిడిసిపెట్టు. గిది రాస్తే నువ్వే లేవంటరు అక్కా. పాస్‌పోర్టు పోతది, కొలువు పోతది. జర సోచాయించు."

ఆమె లేరని కొట్టలేదు. అక్క మరణాన్ని ముందుగా ఇక్కడ నమోదు చేయించాలనుకుంది. ఏళ్లు గడిచిన మరణం రిజిస్టరులో ఎక్కాలంటే విచారణ జరగాలి, చూసినవాళ్లు చెప్పాలి. చేవెళ్లలో దరఖాస్తు పెట్టింది. సాయిలు, ముత్తమ్మ ఇద్దరూ అప్పటికే పోయారు. మిగిలిన సాక్షి అంతమ్మ ఒక్కతే.

సాయిలు పోయాక ఆ చేను అమ్మేశారు. అక్కడిప్పుడు ఫామ్‌హౌస్ ఉంది. అంతమ్మ అందులోనే గులాబీలు కోసే పనికి పోతుంది. విచారణకు ముందురోజు వనిత గేటు దాకా వెళ్లి తల్లిని అడిగింది.

"అక్కను పెట్టింది ఎక్కడ అవ్వా?"

"గోడ లోపట. గడ్డి పెంచిన్రు గద, గా మూలకు."

"అందుకేనా ఈ పని పట్టుకున్నవు?"

"మరి? దాన్ని ఇంకెవరు చూస్తరు?"

"రేపు ఆఫీసుల అడుగుతరు. వనిత పోయిందని చెప్పు, గంతే."

అంతమ్మ చేతిలోని కత్తెర ఆగింది. "గా పేరు ఇప్పుడు ఎవరి మీద ఉన్నది?"

"నా మీద."

"నీ పేరు మీద సచ్చిందని సర్కారు బుక్కుల రాపిస్తవా? బుద్ధున్నదా నీకు?"

మరునాడు విచారణాధికారి ప్రమాణం చేయించి అడిగాడు.

"అంతమ్మా, నీకు పిల్లలెందరు?"

"ఒక్కతే సారూ."

"పోయినవాళ్లు?"

"ఎవ్వరు పోలే."

"మరి ఈ దరఖాస్తు ఏంది?"

"పనెక్కువై పిల్ల పరేషాన్ల రాసింది సారూ. జర మన్నించుండ్రి."

వేలిముద్ర వేసింది. సాక్ష్యం లేదని దరఖాస్తు కొట్టివేశారు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నేరం, దానికి శిక్ష చట్టంలో స్పష్టంగా ఉంది. పద్నాలుగు నెలల పిల్ల రోడ్డు పక్కన చచ్చిపోతే ఆ చావు రాయనివాళ్లకు, సకాలంలో బస్సు పంపనివాళ్లకు ఏ శిక్ష పడిందో ఏ ఫైలులోనూ లేదు.

సెలవు ముగిసి వెళ్లాక వనిత ఆ గడి నింపింది. అక్క. వనిత. అదే తేదీ. మరణం 1977, ఆధారం లేదు. జరిగినదంతా మూడు పేజీల్లో రాసి జతచేసి పంపింది.

అయిదు నెలలకు జవాబు వచ్చింది. మూడు పేజీల ప్రస్తావన అందులో లేదు. తోబుట్టువుల గడిలో పొరపాటున మీ వివరాలే రెండోసారి పడ్డాయి, వాటిని తొలగించాం, మీకు తోబుట్టువులు లేరన్న ప్రాతిపదికన అనుమతి మంజూరు చేయనున్నాం, అభ్యంతరముంటే ఇరవై ఎనిమిది రోజుల్లో తెలపండి అని ఉంది.

తల్లికి ఫోన్‌లో చదివి వినిపించింది.

"మంచిగైంది బిడ్డా. గంత పెద్ద సర్కారుకు సుత కనబడలేదంటే ఇగ ఎవ్వలకు కనబడది." అంతలోనే అడిగింది. "మరి నువ్వేం చెయ్యాలె?"

"ఏం చెయ్యకున్నా అయిపోతది అవ్వా. ఊకుంటే చాలు."

"ఊకో మరి."

ఇరవై ఆరు రోజులు ఊరుకుంది. ఇరవై ఏడో రోజు ఆఫీసు సమావేశంలో ఎవరో ఆమె పేరు పిలిచారు. ఆమె వెనక్కి చూసింది. ఒక ఖాళీ కుర్చీ ఉంది. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచాక లేచి బయటికి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే అభ్యంతరం రాసి పంపింది. "అది పొరపాటు కాదు. ఆ గడిలో ఉన్నది మా అక్క. మొదటి పేజీలో ఉన్న పేరు, తేదీ కూడా ఆమెవే. నావి ఎక్కడా లేవు."

కింద సంతకం మాత్రం వనిత అనే చేసింది. భిక్షమ్మ అని చేస్తే చెల్లదు.