ఫంక్షన్‌కు తీసుకెళ్లిన సకినాలు

ఆ రోజుల్లో నాకు తెలిసిన ఫంక్షన్లు రెండే: చీర కట్టించేది, చెవులు కుట్టించేది. లెక్కల్లోనూ ఫంక్షన్ ఉంటుందని మా ఊరు మోతెలో తెలుగు మీడియం చదివిన నాకేం తెలుసు? (మాకది ప్రమేయం. అదీ అర్థం కాలేదనుకోండి.) సూర్యాపేటలో ఇంటర్ ఎంపీసీలో చేరిన మొదటి వారమే లెక్కల సార్ "బేసిక్స్ రానోళ్లను సీఈసీల ఏస్త" అని బెదిరించాడు. అప్పటికే నాన్న, బిడ్డ ఇంజనీరు అయితదని ఊరంతా చెప్పుకున్నాడు. భయంతో నాకు అన్నం దిగేది కాదు. అందుకే శుక్రవారం సార్ "రేపు ఫంక్షన్స్. ఒక్కలు గూడ ఎగ్గొట్టద్దు" అనగానే ప్రాణం లేచొచ్చింది.

"ఎవలదే ఫంక్షన్? ఉత్త చేతులతోని పోతవా?" అంటూ అమ్మ డబ్బా నిండా సకినాలు పెట్టింది. పట్టు లంగా, ఓణీ, జడ నిండా మల్లెలతో క్లాసులో అడుగుపెడితే అందరూ యూనిఫాంలో ఉన్నారు. బోర్డు మీద 'ఫంక్షన్స్‌కు ముందు బేసిక్స్ టెస్ట్. పదికి ఐదు రాకుంటే గ్రూప్ మార్పు' అని ఉంది.

"ఏందమ్మ, ఇయ్యాల విశేషం?" అన్నాడు సార్.

"పు... పుట్టినరోజు సార్."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. సార్ నా డబ్బాలోంచి ఒక సకినం తీసుకుని, "మంచిది. జర పేపర్ గూడ తీస్కో" అన్నాడు.

రెండు బిందువుల మధ్య దూరం లెక్కకట్టి, వర్గమూలం మరిచిపోయి, ఐదు రావాల్సిన చోట ఇరవై ఐదు వేశాను (బస్సెక్కి పోవాల్సినంత దూరం!). గ్రాఫ్‌లో సరళరేఖ వంకర పోయింది. సగానికి మూడో వంతు కలిపి ఐదింట రెండు వంతులని రాశాను. అప్పుడే సార్ సకినాన్ని పుటుక్కున సగానికి విరిచాడు. సగం సకినానికి ఇంకో ముక్క కలిపితే సగం కన్నా తగ్గుతుందా? గబగబా కొట్టేసి ఆరింట ఐదు వంతులు చేశాను.

సరిగ్గా ఐదు మార్కులొచ్చాయి. పేపరిస్తూ సార్ మెల్లగా, "అడ్మిషన్ ఫారంల నీ పుట్టినరోజు డిసెంబర్ల ఉన్నది గదమ్మ?" అన్నాడు. నేను డబ్బా మూత గట్టిగా బిగించాను. "సకినాలు మంచిగున్నయ్. అప్పుడు మళ్ల తేవాలె" అని నవ్వాడు.

ఇంజనీరును కాలేదు. మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. "రేపు ఫంక్షన్స్. యూనిఫాంలనే రండి" అంటే వాళ్లు ఎందుకో తెలియక నవ్వుతారు. వెనక బెంచీలో పట్టు లంగా పిల్ల ఒకతి ఇంకా చెమటలు కక్కుతూ కూర్చున్నట్టే ఉంటుంది నాకు. దగ్గరికెళ్లి "ఐదొస్తయిలే బిడ్డ, భయపడకు" అనాలనిపిస్తుంది.