వెనక చాప మీది అవ్వ

డెబ్బైల నాటి ఆదోనిలో, పల్లె చర్చిల్లో పాటలు నడిపించబోయే మాకు పాటలు ఎంచుకోవడం నేర్పిన మాస్టారిది ఒకటే మాట. "పాట నీ గొంతు కోసం కాదప్పా. యెనక సాప మీద కూసున్న అవ్వ నోటికి వస్తాదా, సూడు." అని చెప్పి, ఏ అవ్వకూ అందని పాటొకటి కళ్లు మూసుకుని, చెయ్యి పైకెత్తి, తారస్థాయిలో అందుకునేవారు.

ఎమ్మిగనూరులో క్రిస్మస్ ఆరాధనకు పాట ఎంచే పని నాకు పడింది. ఆ రోజు మాస్టారూ ఆదోని నుంచి వచ్చారు. ఆయన చెప్పినట్టే ఎంచాను. మగ్గాల వీధి అవ్వలతో సహా చర్చంతా పాడింది. మాస్టారి చెయ్యి పైకి లేచింది గానీ, గొంతు ఎవరికీ వినబడలేదు.

బయట చెప్పులు వేసుకుంటూ నన్ను పిలిచారు.

"బాగనే ఎంచినావప్పా. అందరూ పాడుతాంటే, నేను యాడ వినపడాల?"